చేత్తో రాసిన జాబులు: పర్లాకిమిడి నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ 8

బీరువా అడుగు అర సర్దుతుంటే అమ్మ పాత పర్సు దొరికింది. అందులో నాలుగు మడతలు పెట్టిన క్యాలెండరు కాగితం ముక్క, వెనకవైపు తెల్లగా ఉన్నచోట నీలం బాల్‌పెన్నుతో చినమావయ్య రాసినది: "అందరం బాగున్నాం. వంటింటి రేకులు ఎగిరిపోనాయి. ఆవు, దూడ ఉన్నాయి. కొబ్బరిచెట్టు ఒక్కటీ మిగల్లేదు. బెంగెట్టుకోకండి." తారీఖు వెయ్యలేదు, వెయ్యక్కర్లేదు కూడా. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మందస వైపు ఫోన్లన్నీ పోయాయి, ఇటు మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ఊళ్లకు ఊళ్లే కష్టంలో పడ్డాయి. ఐదు రోజులు అమ్మకు అన్నం సయించలేదు. ఆరో రోజు టెక్కలి నుంచి బైకు మీద వచ్చిన ఒకాయన మా కొట్టు ఎక్కడో అడుక్కుంటూ వచ్చి, ఈ ముక్క చేతిలో పెట్టి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత మా ఇంట్లో మూడు ఫోన్లు మారాయి. మావయ్య పంపిన వాయిస్ మెసేజీలు, మనవడి ఫొటోలు, పండగ శుభాకాంక్షలు వందల్లో ఉండేవి, ఇప్పుడు ఒక్కటీ లేదు. ఈ ముక్క మాత్రం తడిసి ఆరి గోధుమరంగుకు తిరిగినా అలాగే ఉంది. అమ్మకు చూపిస్తే కళ్లజోడు కూడా పెట్టుకోకుండా "బెంగెట్టుకోకండి" అన్నచోట వేలు పెట్టింది. ఎన్నిసార్లు చదువుకుని ఉంటే కాగితంలో ఏ మాట ఎక్కడుందో అలా గుర్తుంటుంది!

పర్లాకిమిడిలో నాది జెరాక్సు, స్టేషనరీ కొట్టు. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఊరందరి దరఖాస్తులు, ఆధార్ కాపీలు, పెళ్లి కార్డులు నా చేతుల మీదుగానే పోతాయి. రెండు గోడల నిండా పెన్నులు, కాగితాలు. నేను చేత్తో రాసేది మాత్రం అప్పుల పుస్తకంలో పేర్లు, అంకెలు, అంతే. ఒకరికి కూర్చుని ఉత్తరం రాయడం పెళ్లికి ముందు మాట.

అందుకని ఈ పని మొదలుపెడుతున్నాను. మా బంధువుల్లో 26 ఇళ్లకు, దసరాలోపు, ఇంటికో ఉత్తరం. చేత్తో, తెలుగులో, తక్కువలో తక్కువ ఒక పేజీ. పంపాక ఫోన్ చేసి "అందిందా" అని అడగకూడదు. ఎలా నడుస్తోందో ఇక్కడ రాసుకుంటూ పోతాను.

జూన్ 12

అడ్రసుల కోసం చదివింపుల పుస్తకం బయటికి తీశాను. నా పెళ్లిలో పందిట్లో ఒక మూల కూర్చుని పెదనాన్న రాసిన ఎర్ర అట్ట పుస్తకం. "టెక్కలి, స్టీలు బిందె ఒకటి." "గుణుపురం, 116 రూపాయలు, జాకెట్టు ముక్క." ఇంటిపేరు, ఊరు, ఇచ్చింది, వరసగా ఉన్నాయి. దాన్ని పట్టుకుని అమ్మా నేనూ రెండు సాయంత్రాలు కూర్చున్నాం. కొన్ని పేర్ల దగ్గర ఆగిపోయాం, వాళ్లు లేరు. కొన్ని ఇళ్లు ఊరు మారాయి. చివరికి పాతపట్నం, టెక్కలి, మందస, పలాస, శ్రీకాకుళం, విజయనగరం అటు ఆంధ్రలో. గుణుపురం, రాయగడ, బరంపురం, జయపురం ఇటు మా ఒడిశాలో. మొత్తం 26.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పక్కనున్న పాతపట్నం అటే ఉండిపోయింది. సంబంధాలు కలుపుకునేటప్పుడు మావాళ్లెవరూ ఆ గీత చూసుకోలేదు, అందుకే ప్రతి ఇంట్లోనూ సగం చుట్టరికం అటు, సగం ఇటు.

అడ్రసు రాయడంలో ఒక విషయం మాలాంటి ఊళ్లవాళ్లు గుర్తుంచుకోవాలి. పిన్ కోడ్ తప్పకుండా రాయండి. 1972 ఆగస్టు 15న పెట్టిన ఈ ఆరంకెల పద్ధతిలో మొదటి అంకె 7 అయితే ఒడిశా, బెంగాల్, ఈశాన్యం వైపు, 5 అయితే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక. మాది 761200. ఆటో ఎక్కితే పట్టుమని అరగంట పట్టని పాతపట్నం 532213. మనకు పక్కవీధిలా అనిపించే ఊరు తపాలా లెక్కలో వేరే జోన్. ఇటు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరు చేసేవాళ్లకు ఒడియా, ఇంగ్లీషు వస్తాయి, అటు ఇంటికి తెచ్చి ఇచ్చేవాళ్లకు తెలుగు సులువు. నేను పేరు, ఊరు తెలుగులో రాసి, కింద ఊరు, జిల్లా, పిన్ ఇంగ్లీషులో పెద్దగా రాస్తున్నాను.

జూన్ 15

సరంజామా. కొట్టు మనదే కాబట్టి కాగితం వెతుక్కోవాల్సిన పని లేదు, కానీ ఏది ఉత్తరానికి పనికొస్తుందో రాసి చూస్తేనే తెలిసింది. మామూలు 70 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) జెరాక్సు కాగితం మీద ఇంకు పెన్ను పెడితే వెనక్కి ఊరిపోతుంది, రెండోవైపు రాయలేం. 100 జీఎస్ఎం బాండు పేపరు బాగుంది. కార్డులకు 300 జీఎస్ఎం ఐవరీ బోర్డు, ఏ4 ను నాలుగు ముక్కలు చేస్తే చక్కటి కార్డులు. అంచులు కటింగ్ మిషన్‌తో కాకుండా స్కేలు ఆన్చి బ్లేడుతో కోశాను, పాప వాటి మీద ఒక మూల జీడిపండు బొమ్మ, ఇంకో మూల రథం బొమ్మ గీసింది.

బరువు సంగతి. ఉత్తరం 20 గ్రాముల దాకా 5 రూపాయల స్టాంపు. 70 జీఎస్ఎం ఏ4 కాగితం ఒకటి నాలుగున్నర గ్రాముల లోపు, మామూలు కవరు నాలుగైదు గ్రాములు. అంటే మూడు కాగితాల దాకా ధైర్యంగా పెట్టొచ్చు, నాలుగోది పెడితే తూకం దాటిపోతుంది. బాండు పేపరు ఒక్కొక్కటి ఆరు గ్రాముల పైనే, రెండుతో ఆపాలి. స్టాంపు తక్కువైతే ఆ ఉత్తరం బేరింగ్ అవుతుంది, తక్కువైనదానికి రెట్టింపు అందుకునేవాళ్ల దగ్గర వసూలు చేస్తారు. ప్రేమగా రాసి అవతలివాళ్లతో డబ్బులు కట్టించడం ఏం బాగుంటుంది? అనుమానం వస్తే మిఠాయి కొట్లో కాటా మీద పెట్టి చూసుకోండి.

పోస్టుకార్డు మన దేశంలో 1879 జూలై 1న మొదలైంది, మడిచి అంటించే ఇన్‌లాండు కాగితం 1950లో. కార్డు ఇవాళ్టికీ 50 పైసలే. మా కొట్లో ఒక జెరాక్సు రెండు రూపాయలు, ఆ రెండు రూపాయలతో నలుగురికి నాలుగు కార్డు ముక్కలు రాసి పడెయ్యొచ్చు! ఇన్‌లాండు రెండున్నర. దాని లోపల ఇంకేమీ పెట్టకూడదు, అమ్మ కుంకుమ పొట్లం పెడతానంటే ఆపాల్సి వచ్చింది, అలాంటివి కవర్లోనే. ఇన్‌లాండులో గమ్ము అంచుల పక్కన ఒక వేలు వెడల్పు ఖాళీ వదలండి. అవతలివాళ్లు విప్పేటప్పుడు చింపేది అక్కడే, మన మాటలు సగం ఆ ముక్కలోనే పోతాయి.

జూన్ 19

మొదటి ఉత్తరం పెదనాన్నకే రాద్దామని కూర్చుని గంటసేపు ఏమీ రాయలేకపోయాను. ఒడియా మీడియంలో చదువుకున్నాను. తెలుగు అక్షరాలు తాతయ్య అరుగు మీద కూర్చోబెట్టి పలక మీద నేర్పించాడు, అంతే నా తెలుగు చదువు. మాట్లాడడానికి ఎప్పుడూ తడుముకోలేదు కానీ కాగితం మీద పెట్టేసరికి ప్రతి మాటా తప్పేమో అన్న భయం. పక్కన అమ్మ. "ఏటే, మహారాజశ్రీ అని ఎయ్యవా? పైన శ్రీరామ రాసినావా? ఉభయకుశలోపరి అన్నా రాయి, నేకపోతే మీ పెదనాన్న ఏటనుకుంటాడు." అలాగే మొదలుపెట్టాను. "ఇచ్చట మేమందరము క్షేమము, అచ్చట మీరందరు క్షేమమని తలచెదను." నాలుగు లైన్లు రాశాక చదువుకుంటే అది ఎవరు ఎవరికి రాసినా సరిపోయేలా ఉంది. నా గొంతు లేదు అందులో.

అప్పుడు గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తొచ్చారు. ఆయన ఈ ఊళ్లోనే, రాజావారి స్కూల్లో టీచరుగా ముప్పై ఏళ్లు పనిచేశారు. కొండల్లోని సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల మాటలోనే వాచకాలు తయారుచేశారు. మనం నోటితో మాట్లాడే తెలుగునే కాగితం మీద పెట్టాలని జీవితాంతం పోరాడారు. 1936లో ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు ఇక్కడి నుంచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన నడిచిన వీధుల్లో తిరుగుతూ నేను "తలచెదను" అని రాయడమేమిటి?

కాగితం మార్చాను. "పెదనాన్నా, మొన్న నువ్వు రాసిన చదివింపుల పుస్తకం తీశాం. అందులో నీ పేరు పక్కన ఏమిచ్చావో నువ్వు రాసుకోలేదు. అమ్మ చెప్పింది, పెళ్లి వంటవాళ్ల డబ్బులు నువ్వు ఇచ్చావంట కదా." ఇక చెయ్యి ఆగలేదు, రెండు పేజీలు. అమ్మ చదివి, ఏమీ అనలేదు. తనే కవరు మూలలకు పసుపు రాసింది.

ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియనివాళ్లకు నేను చెప్పేది ఒకటే. వాళ్లకూ మీకూ మాత్రమే తెలిసిన ఒక వస్తువునో ఒక రోజునో పట్టుకోండి. కుశలప్రశ్నలు తర్వాత వాటంతటవే వస్తాయి.

జూలై 2

ఇప్పటికి తొమ్మిది రాశాను. ఈలోగా ఇంకో పని నెత్తి మీదికి వచ్చింది, మా పాప. ఏడో తరగతి. ఇంట్లో గలగలా తెలుగే మాట్లాడుతుంది, చదవడం రాయడం ఒడియా, ఇంగ్లీషు. నేను రాస్తుంటే పక్కన కూర్చుని "అమ్మా, నేనూ చిఠి రాస్తా" అంది. సరే రాయమంటే ఒడియాలో రాసింది. మందస తాతయ్య, అంటే మా చినమావయ్య, అది చదవలేడు, ఆ సంగతి చెప్తే మొహం చిన్నబుచ్చుకుంది.

రోజుకు అరగంట అక్షరాలు మొదలుపెట్టాం. రెండు లిపులూ గుండ్రంగానే ఉంటాయి కానీ ఆ గుండ్రాలే తిప్పలు పెడతాయి. తెలుగు సున్న చూసి 'ఠ' అని చదివింది, ఒడియాలో ఠ అచ్చంగా అలాగే ఉంటుంది మరి. "ఉత్తరం" అని నేను రాస్తే "ఉత్తరొఠొ" అని గట్టిగా చదివి తనే నవ్వేసింది. అక్కడ అక్షరంలో దాగి ఉండే అచ్చు 'ఒ' లాంటిది, మనకు 'అ', అందుకని "కమల" తన నోట్లో "కొమొలొ". రాసేటప్పుడు ఇంకోటి. ఒడియా లిపిలో ఎ, ఏ లకు రెండు వేరే గుర్తులు లేవు, ఒ, ఓ లకూ అంతే. కాబట్టి "నేను" అన్నదల్లా "నెను", "మేక" అన్నదల్లా "మెక". ఇవి తప్పులని నేను ఎర్ర గీత పెట్టలేదు. రెండు భాషల మధ్య పెరిగిన పిల్లకు తలకట్టు ఎక్కడ, దీర్ఘం ఎక్కడ అని వెతుక్కోవడమే చాలా పని. కొట్లోంచి నాలుగు గీతల కాపీ పుస్తకం తెచ్చి ఇచ్చాను, రోజుకో బంధువు పేరు రాయిస్తున్నాను. అ ఆ ల వరస కంటే ఇది బాగా పనిచేస్తోంది, ఎందుకంటే "మావయ్య" రాయడం వస్తే ఆ మాట ఎవరికో తనకు తెలుసు.

జూలై 11

ఒక నష్టం. ముచ్చటపడి మొదటి తొమ్మిది కవర్ల మీదా అడ్రసులు ఇంకు పెన్నుతో రాశాను, నల్లగా నిగనిగలాడుతూ బాగున్నాయి. వానాకాలం సంగతి తలపుకే రాలేదు. మూడు రోజుల ముసురులో పంపినవాటిలో ఒకటి ఇవాళ తిరిగి వచ్చింది. అడ్రసు ఉన్నచోట నల్లటి మబ్బు, ఒక్క అక్షరం కనబడడం లేదు. వెనకాల మా అడ్రసు బాల్‌పెన్నుతో రాసి ఉండబట్టి ఇంటికి చేరింది, లేకపోతే ఆ రెండు పేజీలు ఏమైపోయేవో. రాయగడ పిన్నికి రాసిన ఉత్తరం అది, బాబాయి పోయాక నేను తనకు చెప్పలేకపోయిన మాటలన్నీ అందులోనే ఉన్నాయి, మళ్లీ అవే మాటలు అలాగే రావు.

మళ్లీ రాయలేదు. తడిసిన కవరును కొత్త కవర్లో పెట్టి, "పిన్నీ, ఇది ఒకసారి బయల్దేరి వానకు తడిసి వెనక్కి వచ్చింది" అని చీటీ జతచేసి పంపాను.

ఇక నుంచి అడ్రసు బాల్‌పెన్నుతోనే. లోపల ఇంకు, జెల్ ఏదైనా సరే. ఇంకుతో రాసి తీరాలంటే కొవ్వొత్తిని అడ్రసు మీద తేలిగ్గా రుద్దండి, పాత రోజుల్లో తాతయ్య అలా చేసేవాడని అమ్మ చెప్పింది. కొట్లో రెండు కవర్ల మీద రాసి పంపు కింద పెట్టి చూశాను, మైనం రుద్దినది నిలిచింది, రెండోది పాలిపోయింది. పంపినవాళ్ల అడ్రసు మాత్రం ఎప్పుడూ మర్చిపోకండి.

జూలై 24

పదిహేడు పంపాను. నాలుగు జవాబులు వచ్చాయి, ఎనిమిది ఫోన్లు. ఫోన్ చేసినవాళ్లందరి మాటా ఒక్కటే: "ఏటమ్మా, జాబు రాసినావు, భయమేసింది." మా వైపు ఇంటికి ఉత్తరం వచ్చిందంటే ఎవరికో ఏదో అయిందన్న జ్ఞాపకం పెద్దవాళ్లకు ఇంకా పోలేదు. చావు కబురు ఉత్తరాన్ని చదివిన వెంటనే చింపేసేవాళ్లు, ఇంట్లో ఉంచేవాళ్లు కాదు. మిగతావన్నీ ఇనుప తీగకు గుచ్చి దూలానికి వేలాడదీసేవాళ్లు. మా అటక మీద అలాంటి తీగ ఒకటి ఇంకా ఉంది, ప్రతి ఉత్తరం నట్టనడుమ ఒక తుప్పు కన్నం. అడుగున ఉన్నవి ముత్తాత రాసినవి, గొలుసుకట్టు రాత, పెన్ను ఎత్తకుండా అక్షరానికి అక్షరం ముడివేసుకుంటూ పోయాడు. ఎంత ప్రయత్నించినా నాలుగు మాటలు కూడబలుక్కోగలిగాను, "వడ్లు", "కిమిడి", "అమ్మాయి", "జ్వరము". దాన్ని చదవగలిగే చివరి మనిషి మా తాతయ్య, ఆయన ఉన్నప్పుడు నేను అడగలేదు.

జయపురం నుంచి వచ్చిన జవాబు చూసి మాత్రం నాకు కళ్లు తిరిగినంత పనైంది. పిన్ని కొడుకు, నాకు తమ్ముడు. కవరు విప్పితే మూడు పేజీలు ఒడియా అక్షరాలు. వీడు ఒడియాలో ఎందుకు రాశాడా అని చదవడం మొదలుపెట్టాను, రెండో మాట దగ్గర ఆగిపోయాను. అక్షరాలు ఒడియా, మాటలు తెలుగు! "అక్కా, నాకు తెలుగు రాయడం రాదని నీకు తెలుసు, కానీ నువ్వు తెలుగులో రాస్తే నేను వేరే భాషలో ఎలా జవాబు రాస్తాను." అమ్మకు ఒడియా లిపి రాదు. గట్టిగా చదివి వినిపించాను. కళ్లు మూసుకుని వింటే పిన్ని గొంతు, పిన్ని యాస, ఆ "ఎల్లిపోనాం", "తినేసినాం" అన్నీ ఉన్నాయి. తనకు తెలిసిన లిపిలో చేతనైన దారి తనే వేసుకున్నాడు. వాడికి జవాబు రాసేటప్పుడు ఒక లైను తెలుగులో, కింద అదే లైను ఒడియా అక్షరాల్లో రాశాను, అలా నాలుగైదు ఉత్తరాలు నడిస్తే వాడికి చదవడం వచ్చేస్తుందని నా ఆశ.

ఆగస్టు 6

చినమావయ్య జవాబు వచ్చింది. ఇన్‌లాండు.

ఆనందంగా విప్పాను కానీ ఏదో తేడాగా ఉంది. మావయ్య ఊళ్లో ఏళ్ల తరబడి రేషను డిపో లెక్కలు రాసిన మనిషి, ఆయన దస్తూరి అచ్చు వేసినట్టు ఉంటుందని అందరూ అంటారు. ఈ ఉత్తరంలో ప్రతి లైనూ బాగానే మొదలైంది, కుడివైపుకు పోయేకొద్దీ అక్షరాలు సన్నబడిపోయాయి. పేజీ కిందికి వచ్చేసరికి చీమల బారు. ఒత్తులు పై అక్షరంలో కలిసిపోయాయి, కొమ్ములు కనబడవు. అమ్మ చదవలేక నాకిచ్చింది, నేను జెరాక్సు మిషన్‌లో రెండింతలు పెద్దది చేసి చదివాను. రాసినదంతా మామూలే. జీడితోట మళ్లీ కాపుకొచ్చింది, తిత్లీ తర్వాత నాటిన కొబ్బరిమొక్కలు మనిషెత్తు దాటాయి, ఆవు ఈనింది.

తుఫానునాటి క్యాలెండరు ముక్క తీసి పక్కన పెట్టాను. అప్పుడు కరెంటు లేదు, వంటింటి పైకప్పు లేదు, ఏ గోడకు ఆన్చి రాశాడో, అయినా మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఒకే కొలత. ఈ ఉత్తరం ఇంట్లో, పగటిపూట, తీరిగ్గా రాసింది.

ఫోన్ చేశాను. "ఉత్తరాల గురించి ఫోన్ చేయకూడదు" అన్న నా నియమం పక్కనపెట్టి. "నాకేటైనాది, రాయిలా ఉన్నాను" అన్నాడు. గొంతు ఎప్పటిలాగే ఉంది. వారం వారం మాట్లాడుతూనే ఉన్నాను కదా, ఎప్పుడూ ఇదే మాట, ఎప్పుడూ నమ్మాను.

ఆగస్టు 22

వెళ్లి వచ్చాం. గుమ్మంలో ఎదురొచ్చినప్పుడు మావయ్య కుడిచెయ్యి ఊపకుండా నడుస్తున్నాడు, చొక్కా గుండీలు పెట్టుకోడానికి ఐదు నిమిషాలు. అత్త చెప్పింది, ఆర్నెల్లుగా ఇలాగే ఉందట, వయసు మీద పడింది అనుకున్నారట. విశాఖలో నరాల డాక్టరుకు చూపించాం. ఉత్తరం, క్యాలెండరు ముక్క రెండూ పట్టుకెళ్లాను, చూపించాలా వద్దా అని మొహమాటపడుతూనే బల్ల మీద పెట్టాను. డాక్టరు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి, మావయ్యకు తెల్లకాగితం ఇచ్చి ఒక వాక్యం రాయమన్నారు, తర్వాత నత్తగుల్లలా చుట్టూ తిరిగే గీత గీయమన్నారు. పరీక్షలన్నీ అయ్యాక పార్కిన్సన్స్ అన్నారు. రాస్తున్నకొద్దీ అక్షరాలు చిన్నవైపోవడం ఆ జబ్బులో కనబడే ఒక లక్షణమట, దానికి మైక్రోగ్రాఫియా అని పేరు కూడా ఉంది. కొంతమందిలో చెయ్యి వణకడం కంటే ముందే రాత మారుతుందట. మందులు మొదలయ్యాయి.

ఇది చదివి చిన్న అక్షరాలు రాసేవాళ్లందరూ టెన్షన్ పడకండి. ఎప్పుడూ చిన్నగా రాసేవాళ్లు ఉంటారు, అది వేరు. పెద్దగా రాసే మనిషి రాత మారిందంటే మాత్రం చూపించుకోవాలి. ఆ మార్పు తెలియాలంటే వాళ్ల పాత రాత ఒకటి మన దగ్గర ఉండాలి కదా. నాకు వారం వారం ఫోన్లో వినబడనిది ఒక రెండున్నర రూపాయల ఇన్‌లాండులో కనబడింది. వచ్చేటప్పుడు బస్సులో అమ్మ ఒకటే మాట అంది, "ఆడు దాచాలనుకున్నాడు, చెయ్యి దాచనేదు."

ఆగస్టు 29

గిడుగువారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. పాప మొదటిసారి నా సాయం లేకుండా ఉత్తరం రాసింది, మందస తాతయ్యకు. పదకొండు లైన్లు. ఆరు చోట్ల దీర్ఘం లేదు, రెండు చోట్ల ఒడియా 'ర' వచ్చేసింది. దిద్దకుండా అలాగే పోస్టుడబ్బాలో వేయించాను.

సెప్టెంబర్ 14

మావయ్యకు మందులతో పాటు చెయ్యాల్సినవి కొన్ని చెప్పారు. గీతల కాగితం మీద, పెద్ద అక్షరాలు రాయాలని మనసులో అనుకుంటూ, నెమ్మదిగా రాయడం సాధన చేస్తే రాత కొంత నిలబడుతుందట. గీతల కాగితం అంటే నా పనే. కొట్టు మూశాక కూర్చుని తయారుచేశాను. మామూలు నోటుబుక్కు గీతల మధ్య ఎనిమిది మిల్లీమీటర్లు ఉంటే ఆయనకు చాల్లేదు. 12 పెట్టాను, చాల్లేదు. 16 మిల్లీమీటర్ల ఎడం, పై గీత, కింది గీత ముదురు నీలం, నడుమ లేత చుక్కల గీత, ఒత్తులకు కింద ఇంకో ఐదు మిల్లీమీటర్లు ఖాళీ. ఇంగ్లీషు కాపీ పుస్తకాల్లో ఆ కింది ఖాళీ అంత ఉండదు, మన ఒత్తులకు అది లేకపోతే కుదరదు. లైనుకు నాలుగైదు మాటలే పట్టేలా కాగితాన్ని నిలువుగా సగానికి చీల్చాను, ఎందుకంటే లైను పొడుగయ్యేకొద్దీ ఆయన అక్షరం కుంచించుకుపోతోంది. 100 జీఎస్ఎం మీద యాభై కాగితాలు తీసి, పైన స్పైరల్ వేయించి, లావుపాటి పట్టుండే పెన్నులు రెండు జతచేసి పంపాను. ఎవరికైనా కావాలంటే ఈ కొలతలతో మీ ఊళ్లో ఏ జెరాక్సు కొట్లోనైనా తీయించుకోవచ్చు.

ఇరవై మూడు ఉత్తరాలు పూర్తి. రాయగడ పిన్ని దగ్గర్నుంచి జవాబు వచ్చింది. తడిసిన కవరును ఇస్త్రీ చేసి దాచుకుందట.

అక్టోబర్ 11

దసరా అయిపోయింది. 26 వెళ్లాయి. పదకొండు ఇళ్ల నుంచి జవాబులు, అందులో రెండు ఒడియా అక్షరాల తెలుగు. మూడు ఇళ్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు, సంక్రాంతికి వాళ్లకు మళ్లీ రాస్తాను. స్టాంపులు, కార్డులు, ఇన్‌లాండులు, కాగితం అంతా కలిపి 410 రూపాయలైంది.

మధ్యాహ్నం కొట్లో రద్దీగా ఉన్నప్పుడు పోస్టుమేన్ వచ్చి, ఇవాళ నాకు కాకుండా పాప పేరు చదివి కవరు ఇచ్చాడు. తనే విప్పాలని స్కూలు వదిలేదాకా గల్లాపెట్టె మీద పెట్టి ఉంచాను. నేను పంపిన కాగితాలే, రెండు. పై గీతను తాకుతూ, కింది గీత మీద నిలబడి, అక్షరానికి అక్షరం. కొన్నిచోట్ల చెయ్యి జారి గీత దాటింది. కానీ లైను చివరి మాట మొదటి మాట అంతే ఉంది.

పాప కొట్టు మెట్ల మీద కూర్చుని, వేలు పెట్టుకుంటూ గట్టిగా చదివింది. "అమ్మడూ, నీ జాబు అందింది. నేను అని రాసేటప్పుడు దీర్ఘం పెట్టాలి. నేను కూడా ఈ మధ్య రాయడం నేర్చుకుంటన్నాను. నువ్వు రోజుకో పేజీ రాయి, నేనూ రోజుకో పేజీ రాస్తాను. ఎవరి పుస్తకం ముందు అయిపోతాదో చూద్దుము. ఈ పేజీ రాయడానికి రెండు పూటలు పట్టింది. ఆవు దూడకు పేరు ఎట్టలేదు, నువ్వు ఒక పేరు రాసి పంపు."

"రెండు పూటలు" అన్నచోట ఆగి, మళ్లీ వెనక్కి వెళ్లి ఆ లైను చదువుకుంది. తర్వాత లోపలికొచ్చి 16 మిల్లీమీటర్ల కాగితాలు తనక్కూడా యాభై తీయమంది. మిషన్ ఆన్ చేశాను. దూడకు ఏం పేరు రాయాలో అమ్మమ్మను అడగడానికి ఇంటికి పరిగెత్తింది.